కొంగ ముక్కు నేలలోకి దిగిన వైనం

ఇస్త్రీ చేతిలో పడ్డాక ఏ గీతలోనైనా ఒక్క గుబ్బ మిగిలి ఉందని ఎవరైనా చూపిస్తే, నా మీసం తీసి వాళ్ళ అరచేతిలో పెడతాను. ఊరికే గొప్పకి అంటున్న మాట కాదు. అతను నున్నగా చెయ్యలేని కదలిక ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

అతని అసలు పేరు ఆఫీసులో జీతాలు వేసే ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. బొమ్మల సినిమాలు తీసే కంపెనీ అది. మిగతావాళ్ళు బొమ్మల్ని పరుగెత్తిస్తారు, ఎగరేస్తారు, ఏడిపిస్తారు. ఆ హడావుడిలో బొమ్మలు ఎక్కడో ఒకచోట జర్కు కొడతాయి. అప్పుడు ఆ షాటు ఇతని బల్ల మీదికి వస్తుంది. మడతలు పడ్డ బట్టలు ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చినట్టన్నమాట. అందుకే ఆ పేరు.

ఇస్త్రీ కంప్యూటర్లో బొమ్మలుండవు, గీతలుంటాయి. అడ్డంగా కాలం నడుస్తుంది, నిలువుగా కదలిక. బంతి పైకి లేస్తే గీత పైకి ఎక్కుతుంది, బంతి పడితే గీత దిగుతుంది. నిటారుగా దిగితే వేగం, పడుకుంటే నెమ్మది. గీత మీద అక్కడక్కడా చుక్కలుంటాయి, వాటిని కీలు అంటారు. ప్రతి కీకీ రెండు వైపులా బొద్దింక మీసాల్లాంటి రెండు హ్యాండిళ్ళు. ఆ మీసం పట్టుకుని ఇటు లాగితే బొమ్మకి కంగారు పుడుతుంది, అటు లాగితే బద్ధకం పుడుతుంది. ఇస్త్రీ ఎప్పుడూ అటే లాగేవాడు.

ఒకసారి మేడ మీంచి పూలకుండీ పడే షాటు అతని దగ్గరికి వచ్చింది. కాస్త నునుపు చెయ్యమన్నారు. చేశాడు. దాన్ని చూడ్డానికి వచ్చిన క్లయింటు, కుండీ పడటం మొదలయ్యాక బయటికెళ్ళి టీ తాగి, ఫోన్లో వాళ్ళ తమ్ముడితో పోట్లాడి, రాజీపడి, తిరిగొచ్చి కూర్చున్నాడట. కుండీ ఇంకా రెండో అంతస్తు కిటికీ దగ్గర గాల్లో ఆలోచించుకుంటూ ఉందట. చూసినవాళ్ళు చెప్పారు.

ఇంట్లోనూ అంతే. అతను తలుపు మూసేలోపు దోమలు పిల్లాపాపలతో సహా లోపలికి వచ్చి స్థిరపడతాయని అతని భార్య అంటుంది. ఆవిడ కారు నేర్పే బళ్ళో టీచరు. పొద్దున్నించి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని "బ్రేక్! బ్రేక్!" అని అరవడమే ఆవిడ ఉద్యోగం. ఇల్లు చేరాక ఈయన మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టడం చూస్తే ఆవిడకి ప్రాణం విసిగిపోతుంది. గ్లాసు దిగుతూ దిగుతూ దిగుతూ ఉంటుంది.

"ఏమండీ, ఆ గ్లాసు ఇవాళ దిగుతుందా, నేను స్నానం చేసి రానా?"

"చప్పుడు కాకూడదు కదోయ్."

"మీ కాలి కింద బ్రేకు పెడితే బండి వచ్చే వారం ఆగుతుంది."

ఇలా నవ్వుకుంటూనే ఉన్నా, ఆ ఇంట్లో ఒక ముల్లు ఉండేది. కంపెనీ తీసిన ప్రతి సినిమాకీ మొగుడూ పెళ్ళాలు వెళ్ళేవారు. ఆఖర్న పేర్లు వచ్చేవి. షాట్లు చేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా వచ్చి, నిలబడి, చూసుకోమన్నట్టు కాసేపు ఆగి వెళ్ళేవి. ఇస్త్రీ పేరు మాత్రం 'సహకరించినవారు' అనే జాతరలో, చీమతలకాయంత అక్షరాల్లో, రైలు తప్పిపోతున్నట్టు పైకి పరుగెత్తేది. ఇన్నేళ్ళలో ఆవిడ కంటికి ఒక్కసారి కూడా చిక్కలేదు.

"ఊళ్ళో అందరి గీతలూ నెమ్మది చేస్తారు. మీ పేరొక్కదాన్నీ కాస్త నెమ్మదిగా పంపకూడదూ?" అనేది ఆవిడ, నవ్వుతూనే. ఆ నవ్వు అతనికి తిన్నగా లోపలికి వెళ్ళి గుచ్చుకునేది. పేరు నిలబడాలంటే సొంత షాటు ఉండాలి. అతనికి లేదు. అడిగినప్పుడల్లా మేనేజరు "చూద్దాం, సర్దుకుపోదాం" అనేవాడు.

ఈ మేనేజరు గారిని ఆఫీసంతా సర్దుబాటు సారు అంటుంది. కింద ఉన్నవాళ్ళ ముందు ఆయన వెన్ను కొయ్య. మీద ఉన్నవాళ్ళ ముందు అదే వెన్ను తడి తువ్వాలు. మీద ఉన్నదల్లా ఒక్కరే, కంపెనీ యజమాని, పెద్దాయన. పొట్టిగా, గుండ్రంగా, ఛాతీ తనకన్నా ముందు గదిలోకి వచ్చేట్టు నడుస్తాడు.

ఆ ఏడు తీస్తున్నది ఒక పుంజు రాజు కథ. రాజుగారికి ఒక మంత్రి, కొంగ. చిట్టచివరి షాట్లో కొంగ సభలోకి వచ్చి పుంజుకి వంగి నమస్కారం చెయ్యాలి. పుంజుని చేసే పని గంతు అనే అమ్మాయిది. ఆమె చేతిలో బొమ్మలు నడవవు, గంతులేస్తాయి. ఆమె కూడా అంతే. కొంగని చెయ్యాల్సినవాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోవడంతో, వేరే దిక్కు లేక, సర్దుబాటు సారు ఇస్త్రీని పిలిచాడు.

"శుక్రవారం పెద్దాయన చూస్తారు. ఆయనకి నచ్చిందా, నీ పేరు నిలబడి వస్తుంది. నచ్చలేదా, మళ్ళీ నీ ఇస్త్రీ పెట్టె నీదే. మళ్ళీ అడక్కూడదు."

ఇస్త్రీ కొంగని ప్రాణం పెట్టి చేశాడు. మెడ పైనుంచి కిందికి పట్టుపంచెలా జారింది. గుబ్బ లేదు, గుంట లేదు.

గంతు చూసి, "అన్నయ్యా, ఇది నమస్కారం పెడుతోందా, నిద్రలోకి జారుకుంటోందా?" అంది.

ఫోన్లో భార్యకి చూపించాడు. ఆవిడ కాసేపు చూసి, "పాపం, బ్యాటరీ అయిపోయినట్టుంది" అంది.

సర్దుబాటు సారు అయితే కుర్చీలోంచి లేచాడు. "వినయం ఏదయ్యా ఇందులో? ఇది వంగడమా? వంగడమంటే ఏమిటో తెలుసా నీకు? ఫోను తీయ్. నేను చేసి చూపిస్తా, వీడియో తీసుకో."

ఆ వృత్తిలో ఇది మామూలే. ఏ కదలికైనా చేసే ముందు ఎవరో ఒకరు దాన్ని నటించాలి, వీడియో తియ్యాలి, ఆ వీడియోని పక్కన పెట్టుకుని ఒక్కో ఫ్రేముకీ కీలు పెట్టుకోవాలి. అందుకే ఆ ఆఫీసులో నడివయసు పెద్దమనుషులు ఎలుకల్లా పాకుతూ, కప్పల్లా గెంతుతూ కనపడితే ఎవరూ డాక్టర్ని పిలవరు.

సారు ఇస్త్రీని సినిమా చూసే గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది. గది నేలంతా పాలరాయి. సారు గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి రావచ్చా అన్నట్టు మెడ కుదించాడు. చొక్కా అంచు రెండు చేతులా కిందికి లాక్కున్నాడు. అడుగులు చిన్నవి చేసుకుని నడిచాడు. కుర్చీ ముందుకొచ్చేసరికి తల ముందు దిగింది, నడుం తర్వాత దిగింది, చేతులు ఆఖర్న వచ్చి కలిశాయి. అడుక్కంటా దిగాక, ఇక చాలు అనుకునేంతలో, తల ఇసుమంత పైకి లేచి ఒక కన్ను కుర్చీ వైపు చూసి వచ్చింది. పాతాళంలోంచి పంపిన వేగులవాడిలా. మళ్ళీ తల దిగి, అంతే కిందికి చేరి, అక్కడ ఉండిపోయింది.

ఖాళీ కుర్చీకే ఇంత వినయం. కుర్చీలో మనిషి కూడా ఉంటే ఏమవుతుందోనని ఇస్త్రీకి ఒళ్ళు జలదరించింది.

బల్ల దగ్గరికొచ్చి వీడియో చూస్తూ కీలు పెట్టాడు. గీత గబగబా దిగింది, అడుగున నిలిచింది, ఆ నిలిచినచోట నడిమధ్యన చీమ కుట్టినట్టు ఒక దద్దురు తేలింది. ఆ ఓరచూపే అది. ఇస్త్రీ వేళ్ళు దురదపెట్టాయి. ఆపుకోలేకపోయాడు. దాని మీసాలు పట్టుకుని నున్నగా నొక్కేశాడు.

సారు చూశాడు. "ప్రాణం తీసేశావయ్యా! అడుక్కి వెళ్ళి ఒకసారి పైకి చూడాలి. పెద్దవాళ్ళు చూశారో లేదో తెలుసుకోకుండా వంగి ఏం లాభం? రా, మళ్ళీ చూపిస్తా."

మళ్ళీ చూపించాడు. దద్దురు మళ్ళీ తేలింది. ఇస్త్రీ మళ్ళీ నొక్కాడు. సారు మళ్ళీ తిట్టి మళ్ళీ వంగాడు. వారమంతా ఇదే తంతు. ప్రతి దిద్దుబాటుకీ సారు తనలోంచి ఒక ముక్క తీసి కొంగకి అతికించి వెళ్ళేవాడు. గుమ్మం దగ్గర ఆగడం అతికింది. మెడ కుదించడం అతికింది. కొంగకి చొక్కా లేదు కాబట్టి రెక్కల అంచులు కిందికి లాక్కోవడం అతికింది. ఇస్త్రీ మాత్రం గీతలే చూసుకుంటున్నాడు. గీత ఎవరిదైతే అతనికేం?

గురువారం గంతు తన పుంజుని పక్కన పెట్టి చూసుకుందామని వచ్చింది. కొంగ సభలోకి రావడం చూసింది. నోరు మూసుకుంది. కొంగ వంగింది. గంతు బల్ల పట్టుకుంది. కొంగ ఓరకంట చూసింది. గంతు నేలమీద కూలబడి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "అన్నయ్యా, ఈయన రేపు షాటు చూడ్డానికి వస్తారా?" అంది.

"ఎవరు?"

"ఈ కొంగగారు."

ఇస్త్రీ మొదటిసారి గీత మీంచి కళ్ళెత్తి బొమ్మని చూశాడు. చూడగానే అతని మొహంలో నెత్తురు పాదాల్లోకి దిగింది. అప్పటిదాకా అదొక్కటే అతని జీవితంలో నెమ్మదిగా జరగని దిగడం.

"గంతమ్మా, నా కొంప మునిగింది. సారు గుర్తుపడితే?"

"సారు గుర్తుపట్టరు. వంగినప్పుడు ఆయనకి అద్దం కనపడదుగా."

"మరి పెద్దాయన?"

గంతు నవ్వడం మానేసింది.

మర్నాడు పొద్దున ఇడ్డెన్లో అట్లో పట్టించుకునే స్థితిలో లేడు ఇస్త్రీ. తిన్నదేమిటో తెలియకుండా తింటూ సంగతంతా భార్యకి చెప్పాడు. ఆవిడ కారు తాళాలు వెతుక్కుంటూ వింది.

"ఉన్నదున్నట్టు పంపించండి."

"గుర్తుపడితే నా పేరు గతేం కాను?"

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఇంతేనండీ. బండి చక్కగా పోతూనే ఉంటుంది, నడిరోడ్డు మీద ఉన్నట్టుండి భయమేసి బ్రేకు తొక్కుతారు. వెనకవాడు వచ్చి గుద్దేది అప్పుడే."

"నీకేం, ఎన్నైనా చెబుతావు. మీ బండిలో రెండో బ్రేకు నీ కాలి కిందే ఉంటుంది."

"అది ఉన్నా సరే, రోజూ చచ్చి బతుకుతున్నాను" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఇస్త్రీ ఆఫీసుకొచ్చి గీత తెరిచాడు. అడుగున రెండు కీలు, ఒకే ఎత్తులో. వాటి మధ్యన మూడోది, ఓరచూపు కీ, దద్దురులా. సారుని సారుగా పట్టించేది అదే. అది తీసేస్తే ఏ కొంగైనా ఒక కొంగే. తీసేశాడు. తీసేసి, ఎందుకైనా మంచిదని, ఉన్న కీలన్నిటినీ ఒకేసారి పట్టి నునుపు చేసే బటన్ నొక్కాడు. గీత ఒంపు తిరిగి కళ్ళముందు పరుచుకుంది. గుబ్బన్న మాట లేదు. తన జన్మలో అంత అందమైన గీత చూడలేదనుకున్నాడు. సారు తలుపు దగ్గర్నించి "పంపావా? పెద్దాయన లిఫ్టులో ఉన్నారు!" అని అరిచాడు. పంపేశాడు. కొంగ వైపు చూడనేలేదు. ఏళ్ళ తరబడి గీత చూసి మార్కులు వేసినవాడు, గీతే బాగుంటే కొంగకేం రోగం అనుకున్నాడు.

గది నిండింది. పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు, ఛాతీ కాస్త ముందు కూర్చుంది. సర్దుబాటు సారు కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఇస్త్రీ ఆఖరి వరసలో కూర్చున్నాడు. దీపాలు ఆరాయి.

తెర మీద పుంజు రాజు రొమ్ము విరుచుకుని సింహాసనమెక్కింది. కొంగ గుమ్మం దగ్గర ఆగింది. మెడ కుదించింది. రెక్కలు లాక్కుంది. చిన్న చిన్న అడుగులు వేస్తూ వచ్చింది. వంగింది. ముక్కు కొస నేలకి తాకింది.

ఆగలేదు.

ముక్కు నేలలోకి దిగింది. సగం ముక్కు, మొత్తం ముక్కు, కళ్ళు, ఆపైన నెత్తి మీది ఈకలు. నున్నగా, తీరుబాటుగా, వెన్నలోకి చెంచా దిగినట్టు దిగింది. లోపల కాసేపు ఉంది. అంతే నున్నగా పైకి వచ్చింది. ముక్కుకి మట్టి కూడా అంటలేదు.

ఇస్త్రీకి అంతా ఒక్కసారి అర్థమైంది. అడుగున ఒకే ఎత్తులో ఉన్న రెండు కీలు రెండు గుంజలు. మధ్యన ఉన్న గుంజ తను పీకేశాడు. పైగా నునుపు చేశాడు. రెండు గుంజల మధ్య వదులుగా కట్టిన బట్టల తాడులా గీత కిందికి వేలాడింది. తాడు చూడ్డానికి అందంగానే ఉంది. కాని గ్రాఫులో నేల కనపడదు. నేల సంగతి అతనికి తట్టనేలేదు.

సారు వెనక్కి తిరిగి, చీకట్లో ఇస్త్రీని వెతికి, నోరు తెరిచి, "ఏం చేశా..." అన్నాడు.

"ఆపండి!" అన్నాడు పెద్దాయన. "మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశారు. కొంగ మళ్ళీ భూగర్భానికి వెళ్ళి వచ్చింది.

పెద్దాయన తొడ చరిచాడు. "ఇదీ! వినయం అంటే ఇదీ! ఇన్నేళ్ళ బట్టి కంపెనీ నడుపుతున్నాను, నా ముందు ఇలా వంగినవాడు ఒక్కడున్నాడా?"

సారు నోట్లో సగం ఉన్న మాట అక్కడే మలుపు తిరిగింది. "...నో ఎంత శ్రమపడ్డానో మీకు తెలియదు సార్! ఇందులో ప్రతి వంపూ నాదే. వారం రోజులు వంగి వంగి చూపించాను. నడుం పట్టేసింది. అతను ఊరికే చుక్కలు పెట్టుకున్నాడంతే."

"తెలుస్తూనే ఉందయ్యా" అన్నాడు పెద్దాయన. "ఆ గుమ్మం దగ్గర ఆగడం, ఆ చొక్కా సర్దుకోవడం. రోజూ చూస్తున్నదేగా."

గది గదంతా నాలుక కరుచుకుంది. సారుకి మాత్రం అది సన్మానంలా వినపడింది. చేతులు కట్టుకుని మెరిసిపోయాడు.

"అయితే ఆఖర్న ఈ షాటుకి నీ పేరు వెయ్యాలన్నమాట."

"అంతా మీ దయ సార్."

అంతే. ఆఖరి వరసలో ఒక పేరు నిలబడకుండానే పడిపోయింది. ఇస్త్రీకి భార్య నవ్వు గుర్తొచ్చింది. ఈసారి ఊరుకోకూడదనుకున్నాడు. లేచి చెప్పాలనుకున్నాడు. లేవడం మొదలుపెట్టాడు. అతను లేవడమంటే మీకు తెలుసుగా, ముందు ఆలోచన లేవాలి, తర్వాత భుజాలు, ఆ తర్వాత ఎప్పటికో మోకాళ్ళు. అతను సగం లేచేలోపు సర్దుబాటు సారు పేరు అచ్చులో వచ్చేసేదే.

గంతు మధ్యలో గెంతింది. "సార్, ఆ నేలలోకి దిగడం కూడా మేనేజరు గారే చేసి చూపించారా?"

పెద్దాయన సారు వైపు తిరిగాడు. సారు ఒక్క క్షణం ఊగాడు. ఇన్ని వంపులు నావే అన్నాక ఒక్క వంపు నాది కాదని ఎలా అంటాడు?

"అదీ నేనే సార్."

"నిజంగానే?" పెద్దాయనకి పిల్లాడి ఉత్సాహం వచ్చింది. "ఏదీ, ఒకసారి చెయ్యి!"

దీపాలు వెలిగాయి. సారు కుర్చీ ముందుకొచ్చి వంగాడు.

"ఇంకొంచెం" అన్నాడు పెద్దాయన.

వంగాడు.

"కొంగ ఇంకా దిగిందయ్యా."

మోకాళ్ళ మీద పడ్డాడు. ముక్కు నేలవైపు పంపాడు. ఠప్పుమని పాలరాయికి ముక్కు తగిలిన చప్పుడు ఆఖరి వరస దాకా వినపడింది. ఎంతోమంది చేత ముక్కు నేలకి రాయించిన మనిషి, ముక్కు నేలమీద ఆనించి అలాగే ఆగాడు. అప్పుడు కూడా, చెబితే నమ్మరు, ఒక కన్ను పైకి లేచి కుర్చీ వైపు చూసి వచ్చింది.

"నీ ముక్కు పైనే ఉందేమిటి?" అన్నాడు పెద్దాయన.

"నేల... కాస్త గట్టిగా ఉంది సార్" అంది కిందనుంచి గొంతు.

ఇక గది తట్టుకోలేకపోయింది. వెనక ఎవరో ముందు పక్కున నవ్వారు, ఆ తర్వాత అందరూ. ఆ నవ్వుల మధ్య ఇస్త్రీ లేవడం పూర్తయింది.

"సార్, అది నా తప్పు సార్. రెండు కీల మధ్య ఉన్న కీ తీసేసి నునుపు చేశాను. గీత కిందికి ఉబ్బింది. నేల చూసుకోలేదు."

పెద్దాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "అంటే తెలియక చేశావా?"

"తెలియకే సార్."

"ఈ తప్పు ఇంకెవరైనా చెయ్యగలరా?"

"ఎవరైనా చేస్తారు సార్. కాకపోతే పంపేముందు ఒకసారి చూసుకుంటారు."

పెద్దాయన బిగ్గరగా నవ్వాడు. "తప్పు నీదైతే పేరూ నీదే. ఒక్కటి విను. దాన్ని సరిచేశావో, ఊరుకోను."

వెళ్ళబోతూ గంతు దగ్గర ఆగాడు. "కొంగ సంగతి తెలిసింది. ఈ పుంజుని మాత్రం ఎక్కడా చూసినట్టు లేదమ్మా. ఎవరిని చూసి చేశావు?"

"ఊహించుకుని చేశానండీ" అంది గంతు, పైకప్పు కేసి చూస్తూ.

"బాగా ఊహించావు" అని, పెద్దాయన రొమ్ము విరుచుకుని గదిలోంచి నడిచి వెళ్ళాడు. పుంజు సింహాసనమెక్కేటప్పుడు ఎడమ భుజం ముందుకి వస్తుంది. ఆయనకీ వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికీ ఉద్యోగాలున్నాయి.

కథ ఇక్కడితో ఆపేస్తే ఇస్త్రీ సంతోషించేవాడు. గుమ్మం దగ్గర పెద్దాయనకి ఎదురెళ్ళి, "చాలా థాంక్సండీ" అంటూ అతనొక నమస్కారం పెట్టాడు. గంతు చేతిలో ఫోను ఉంది. ఆమె చెయ్యి ఊరుకునే రకం కాదు.

మధ్యాహ్నం ఆ వీడియోని కంప్యూటర్లో పెట్టి కీలు వేసి ఇస్త్రీని పిలిచింది. "అన్నయ్యా, ఇది చూడు."

గీత గబగబా దిగింది. ఇస్త్రీ జీవితంలో ఏదీ అంత వేగంగా దిగలేదు. అడుగున నిలిచింది. నిలిచినచోట నడిమధ్యన చీమ కుట్టినట్టు ఒక దద్దురు.

"పొద్దున నువ్వు తీసిపారేసిన కీ" అంది గంతు. "ఎక్కడికి పోయిందా అనుకున్నా. నీ దగ్గరే ఉంది."

ఇస్త్రీ మౌసు అందుకుని దాని మీసాలు పట్టుకున్నాడు. నొక్కాడు. తెర మీద నున్నగా అయింది. అదే సమయానికి పెద్దాయన అటుగా వెళ్తూ తొంగి చూశాడు. ఇస్త్రీ లేచి నమస్కారం పెట్టాడు. గంతు అదీ ఫోనులో పట్టింది. మళ్ళీ గీసింది. మళ్ళీ దద్దురు. సోమవారం గీసింది, ఉంది. బుధవారం గీసింది, ఇంకాస్త బలిసింది. గీతలో ఉన్నదైతే తీసేసేవాడే. మెడలో ఉన్నదానికి ఏ మీసం పట్టుకు లాగుతాడు?

కాబట్టి మొదట్లో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇస్త్రీ నున్నగా చెయ్యలేని గుబ్బ ఒకటుంది. నా మీసం మాటేమిటని అడుగుతారేమో. నాకు మీసం ఎప్పుడూ లేదు. ఉంటే అంత తేలిగ్గా పందెం కాస్తానా?

సినిమా విడుదలైంది. మొగుడూ పెళ్ళాలు వెళ్ళారు. కొంగ నేలలోకి దిగినప్పుడు హాలంతా ఈలలు. తర్వాత పేర్లు మొదలయ్యాయి. తన పేరుని కదిలించే పని ఇస్త్రీ ఇంకెవరికీ ఇవ్వలేదు, స్వయంగా చేసుకున్నాడు. ఎంత నున్నగా చేశాడంటే, మొదటి అక్షరం తొంగిచూసేసరికి జనం లేచారు. రెండో అక్షరానికి హాలు ఖాళీ. మూడో అక్షరానికి దీపాలు వేసేశారు. ఊడ్చేవాళ్ళు వచ్చి వీళ్ళ కాళ్ళు ఎత్తించి, కింద ఊడ్చి, తలుపు దగ్గర నిలబడి గొణుక్కుంటున్నారు.

"పదవే, పోదాం" అన్నాడు ఇస్త్రీ, సిగ్గుతో.

"ఉండండి" అందావిడ. "ఇంకా ఇంటిపేరులోనే ఉంది."

ఆఖరి అక్షరం వచ్చి కూర్చునేదాకా ఆవిడ లేవలేదు. పైకే చదివింది, ఒత్తులతో సహా. చదివి, ఊడ్చేవాళ్ళకేసి తిరిగి, "మా ఆయనే" అంది.

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒక్కటి మాత్రం నేను కల్పించాను. సర్దుబాటు సారు ముక్కు ఠప్పుమనలేదు. ఆ గదిలో పాలరాయి లేదు, దళసరి తివాచీ ఉంది. చప్పుడు లేకపోతే కథ చప్పగా ఉంటుందని తివాచీ నేనే తీసేశాను. ఆ తివాచీ మిగతా గదంతా కొత్తగానే ఉంటుంది. పెద్దాయన కుర్చీ ముందు మాత్రం, రెండు మోకాళ్ళు పట్టేంత మేర, అరిగి దారాలు తేలి ఉంటుంది. ఆ అరుగుదల నేను కల్పించలేదు.